హుషారైన కుక్కే, కానీ పొద్దున్నే తాడు పట్టుకునేదెవరు?

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరండి. పెంకుటిల్లు, వెనక ఇరవై సెంట్ల కొబ్బరి దొడ్డి, దాని వెనకే పంట బోదె. ఇంట్లో మేమిద్దరం, మూడో తరగతి చదివే పాప, డెబ్బై దాటిన మా అత్తగారు. వీధి కుక్కల్ని కాపాడే కుర్రాళ్ళు అమలాపురంలో ఒక ఆడకుక్కని ఉంచారు. నాటుకుక్కకి ల్యాబ్ (లాబ్రడార్ జాతి) కలిసిందంటున్నారు. ఏడాదిన్నర వయసు, 16 కిలోలు. మనిషి కనబడితే చాలు మీదకి దూకుతుంది, ఒక్క నిమిషం కుదురుగా ఉండదు. పాపకి తెగ నచ్చేసింది. అత్తగారేమో "నన్ను పడేస్తుంది, నా కోళ్ళని తినేస్తుంది" అంటున్నారు. పగలు కట్టేసి రాత్రి వదిలితే సరిపోతుందా? పెరుగన్నం పెడితే చాలా? పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ ఇంకా అవలేదన్నారు. తెచ్చుకోమంటారా?

సమాధానం: తెచ్చుకోండి. అయితే పగలు కట్టేసి రాత్రి వదిలేద్దామనే ఆలోచన ముందే మానుకోండి. మీ ఉత్తరంలో మాకు భయం వేసిన మాట అదొక్కటే. దూకుడు, కోళ్ళు, తిండి, ఇవన్నీ సర్దుబాటయ్యేవే.

ఏడాదిన్నర అంటే కుక్కకి కాలు నిలవని వయసు. ల్యాబ్ పోలికకి ఎప్పుడూ నోట్లో ఏదో ఒకటి ఉండాలి, నాటు పోలికకి చుట్టుపక్కల ఏం జరుగుతోందో తెలియాలి. అలాంటిదాన్ని నాలుగడుగుల గొలుసుకి కట్టేస్తే దారిన పోయే ప్రతి సైకిలునీ, మేకనీ చూసి లాగడం, అందక మొరగడం, రోజంతా ఇదే పని. నెలా రెండు నెలలకి ఆ హుషారు కాస్తా చిరాకవుతుంది. కట్టేసిన కుక్కకి భయమేస్తే వెనక్కి తగ్గే చోటుండదు కాబట్టి పిల్లలు దగ్గరికి వెళ్ళినప్పుడు కరిచే ప్రమాదం కూడా దానితోనే ఎక్కువ. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ కూడా ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కని తగినంత తిప్పకపోవడాన్ని హింస కిందే లెక్కగట్టింది. ఇక రాత్రి వదలడమంటే చేలగట్ల మీద ఎలుకల మందుకీ, పాములకీ, ఊరి కుక్కల పోట్లాటలకీ, ఆపరేషన్ కాని ఆడకుక్క కనక కడుపుకీ వదలడమే.

దీనికి రోజుకి గంటన్నర మనిషి కావాలి. "అందరం చూసుకుంటాం" అనుకున్న ఇళ్ళలో ఎవరూ చూడరు. పొద్దున్న ఎవరు, సాయంత్రం ఎవరు అని పేర్లు అనుకున్నాకే అమలాపురం వెళ్ళండి. పాప పేరు ఆ లెక్కలో వేయకండి. మూడో తరగతి పిల్ల 16 కిలోల కుక్కని పట్టుకోలేదు.

పొద్దున్న అయిదున్నరకి బయల్దేరితే నలభై నిమిషాలు చాలు, అందులో సగం దానిష్టానికి వదలండి. గట్టు మీద ఒక గడ్డిదుబ్బు దగ్గర ఆగి రెండు నిమిషాలు వాసన చూస్తుంటే చూడనివ్వండి. ముక్కుతో చేసే పని కుక్కని కాళ్ళతో చేసే పనికన్నా బాగా స్థిమితపరుస్తుంది. బండి పక్కన తాడేసి పరిగెత్తించడం కొందరికి సరదా. దాంతో ఆ పూట అలిసినట్టు కనిపిస్తుంది గానీ దమ్ము పెరిగి, వచ్చే నెలకి అంతకు రెట్టింపు పరుగు కావాలంటుంది. తారు రోడ్డు మీద అరికాళ్ళ పొర లేచిపోవడం అదనం. సాయంత్రం ఎండ దిగాక అరగంట. మధ్యలో అయిదేసి నిమిషాల పాఠాలు మూడు: పిలిస్తే రావడం, కూర్చోవడం, నోట్లోది వదిలేయడం.

రోజు తిండిలో సగాన్ని కూడా పనిగా మార్చొచ్చు. ఉడికించిన మాంసం ముక్కల్ని పాత తువ్వాలులో చుట్టి ముడేసి ఇవ్వండి. ఇంకోరోజు గడ్డిలో చల్లండి. బొండాం తాగాక సగానికి కొట్టి, లోపల రెండు చెంచాల పెరుగన్నం పూసి ఇస్తే ఇరవై నిమిషాలు దాంతోనే ఉంటుంది. కానీ పక్కనే ఉండి చూడండి, పీచు ఊడడం మొదలవగానే తీసేయండి. మింగిన కొబ్బరి పీచు పేగులో ఉండకట్టి అడ్డం పడితే కోసి తీయాల్సిందే. దొడ్లో ఎండిన కొబ్బరి డొక్కలు కుప్పలుగా పడి ఉంటాయి కాబట్టి, తెచ్చే ముందు ఒక మూలకి చేర్చి దడి కట్టించండి. మధ్యాహ్నం మాత్రం ఏమీ వద్దు, పడుకోవాలి. పడుకోవడం కూడా కొన్ని కుక్కలకి నేర్పాల్సి వస్తుంది. నిద్ర చాలని కుక్క ఇంకా ఎక్కువ గెంతుతుంది, ఇంట్లోవాళ్ళేమో శక్తి మిగిలిపోయిందనుకుని మళ్ళీ తిప్పుతారు.

తెచ్చుకునే ముందు కనీసం రెండుసార్లు, వేర్వేరు వేళల్లో వెళ్ళి చూడండి. బోనులోంచి తీసిన మొదటి పది నిమిషాల్లో ఏ కుక్కైనా పిచ్చి గెంతులే వేస్తుంది, అది చూసి ఏమీ తేల్చకండి. బయట అరగంట నడిపించాక ఒకచోట కూర్చుని పట్టించుకోకుండా ఉండండి. అయిదు పది నిమిషాల్లో అదీ నేల మీద చతికిలబడితే అది హుషారు. చొంగ కారుస్తూ, చుట్టూ తిరుగుతూ, కోడిమాంసం ముక్క ముక్కు దగ్గర పెట్టినా తినకపోతే అది భయం. భయం ఉన్న కుక్కకి కావలసింది వాకింగ్ కాదు, నెలల తరబడి ఓపిక. మీ ఇంట్లో పాపా, పెద్దావిడా ఉన్నారు కాబట్టి అలాంటిదైతే వద్దనే చెబుతాం. స్టీలు గిన్నె ఒకటి వెనకపక్క పడేయించి చూడండి. ఉలిక్కిపడడం మామూలే, అర నిమిషంలో తేరుకుని ఏం పడిందా అని చూడడానికి వస్తే మంచిది. అన్నం తింటుండగా రెండడుగుల దూరంలో నడవండి. బిగుసుకుపోయి, తల దించి, ఓరచూపు చూస్తే ఆ సంగతి కుర్రాళ్ళని విడిగా అడగాలి. ఇంతవరకు ఎవరినైనా కరిచిందా, దాన్ని ఏ కుక్కైనా కరిచిందా, రేబిస్ టీకా ఏ తేదీన వేశారు, ఈ మూడింటికీ నోటిమాట కాకుండా పుస్తకంలో జవాబుండాలి.

మొదటి మూడు రోజులు చుట్టాలకి చూపించడాలు, స్నానాలు ఏవీ వద్దు. కొత్త చోట కుక్క తేరుకోవడానికి మూడు రోజులు, ఇంటి పద్ధతి పట్టుబడడానికి మూడు వారాలు, ఇది నా ఇల్లు అనుకోవడానికి మూడు నెలలు అని పెంపకందారులు చెప్పే లెక్క దాదాపుగా సరిపోతుంది. పారిపోయేది ఎక్కువగా మొదటి వారంలోనే. మీది పెంకుటిల్లంటున్నారు. వీధి గుమ్మం, నడవ, పెరటి గుమ్మం ఒకే వరసలో ఉంటాయి, రెండు తలుపులూ పొద్దున్నించీ బార్లా తీసే ఉంటాయి. ఈ కుక్కకి అది పరుగుపందెం దారి. వీధి గుమ్మానికి మూడున్నర అడుగుల ఎత్తు జాలీ తలుపు పెట్టించండి. కుక్క పెరట్లో ఉన్నంతసేపు పెరటి తలుపు వేసే ఉంచండి. దొడ్డి చుట్టూ దడి కనీసం అయిదడుగులుండాలి. కంచె కింద తవ్వే చోట్ల ఇటుకలు పాతాలి.

మెడకి బెల్టు, దాని మీద మీ ఫోన్ నంబరు రాసిన బిళ్ళ. నడిపించడానికి ఛాతీకి వేసే హార్నెస్. పట్టీ కింద రెండు వేళ్ళు దూరేంత వదులుంటే చాలు. భయపడ్డ కుక్క వెనక్కి నడిచి హార్నెస్‌లోంచి తల లాగేసుకుంటుంది, అందుకే మొదటి నెల హార్నెస్‌నీ బెల్టునీ చిన్న కొక్కెంతో కలపండి. తాడు రెండు మీటర్లు. పిలిస్తే రావడం నేర్పడానికి పది మీటర్ల నూలు తాడు విడిగా ఉంచండి. కొబ్బరి తాడు వద్దు, ఒక్కసారి లాగితే అరచెయ్యి చీరుకుపోతుంది.

ఇప్పుడు అత్తగారి సంగతి. ఆవిడ భయంలో న్యాయం ఉంది. డెబ్బై దాటిన మనిషి పడితే తుంటి విరుగుతుంది, అందుకని "అలవాటవుతుందిలే అత్తయ్యా" అనడం సరిపోదు. మొదటి రెండు నెలలు ఆవిడ నడవలోకి వచ్చే ప్రతిసారీ కుక్క తాడు మీదో, జాలీ తలుపు అవతలో ఉండాలి. దూకుడు మానిపించడం కష్టం కాదు, ఇంటిల్లిపాదీ ఒకేలా చేయడమే కష్టం. దూకిన క్షణాన చేతులు కట్టుకుని, మాట్లాడకుండా, ముఖం తిప్పేసుకోవాలి. నాలుగు కాళ్ళూ నేల మీద ఆనగానే ముక్క పెట్టాలి, పైనుంచి అందిస్తే మళ్ళీ లేస్తుంది కాబట్టి నేల మీదే పెట్టాలి. "ఛీ, దిగు" అని మోకాలితో నెట్టడం దానికి ఆటే. నలుగురూ మానేసి ఒక్కరు ముద్దు చేసినా నేర్పిందంతా పోతుంది, ఆ ఒక్కరు సాధారణంగా ఇంటి యజమానే అవుతారు. మొదటి వారం దూకుడు పెరిగినట్టనిపిస్తుంది. ఇన్నాళ్ళూ పనిచేసింది ఇప్పుడెందుకు పనిచేయట్లేదా అని గట్టిగా ప్రయత్నిస్తుంది. అక్కడ విసుగొచ్చి ఒక్కసారి లొంగితే ఇంకా గట్టిగా దూకాలని నేర్పినట్టే. పాపకి ఒకటే నేర్పండి: అది గెంతుతూ వస్తే పరిగెత్తకూడదు, అరవకూడదు, చేతులు ముడుచుకుని నేల చూస్తూ నిలబడాలి. తింటున్నప్పుడు, పడుకున్నప్పుడు దాని జోలికి వెళ్ళకూడదు. పెద్దవాళ్ళు లేకుండా ఇద్దరినీ ఒక్కచోట అసలు వదలకండి.

కోళ్ళ విషయంలో మీకు పూర్తి భరోసా ఇవ్వలేం. తాడు మీద నేర్పితే చాలా కుక్కలు కోళ్ళని పట్టించుకోవడం మానేస్తాయి, కానీ చూసే మనిషి లేనప్పుడు రెక్కలు టపటపలాడిస్తే వేట బుద్ధి మేలుకోదని ఎవరూ రాసివ్వలేరు. కోళ్ళకి జాలీతో విడిగా ఆవరణ కట్టండి. దానికి ముప్ఫై అడుగుల దూరంలో కుక్కతో నిలబడండి. కోడిని చూసి, మళ్ళీ మీ వంక చూసిన ప్రతిసారీ ముక్క పెట్టండి. బిగుసుకుపోయి కళ్ళార్పకుండా చూస్తుంటే మీరు మరీ దగ్గరకొచ్చేసినట్టు, వెనక్కి నడవండి. రోజుకి అయిదు నిమిషాలు, వారానికి అయిదారడుగులు ముందుకి. ఒకవేళ కోడిని చంపితే, చచ్చిన కోడిని మెడకి కట్టే పాత వైద్యం మాత్రం చేయకండి. దానివల్ల కోడి జోలికి వెళ్ళకూడదని నేర్చుకోదు, మీ దగ్గరికి రావడానికి భయపడుతుంది.

పెరుగన్నం ఒక్కటే చాలదు. కడుపు నిండుతుంది గానీ మాంసకృత్తులు అందవు, బొచ్చు రాలుతుంది, కండ పట్టదు. 16 కిలోల చురుకైన కుక్కకి రోజుకి సుమారు 900 నుంచి 1000 కేలరీలు కావాలి. ఇంటి వంటలో అంటే వండిన అన్నం 350 గ్రాములు, ఎముకల్లేని కోడిమాంసం పచ్చిది తూచి 200 గ్రాములు, ఒక ఉడకబెట్టిన గుడ్డు, గుమ్మడో సొరకాయో గుప్పెడు, చెంచా నూనె. ఉప్పు, కారం, పోపు లేకుండా ఉడికించి రెండు పూటలుగా పెట్టండి. ఎముకలు పెట్టడం లేదు కాబట్టి కాల్షియం లోటు పడుతుంది. కడిగి, ఎండబెట్టి, మెత్తగా దంచిన గుడ్డుపెంకు పొడి రోజుకి అర చెంచా కలపండి. కోడి బదులు చేప పెట్టొచ్చు, ముళ్ళు ఏరడానికి ఓపికుంటేనే. ఎండుచేపల్లో ఉప్పు ఎక్కువ, వద్దు. వండిన కోడి ఎముకలు చీలికలై గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటాయి. ఉల్లి, వెల్లుల్లి రక్తకణాల్ని దెబ్బతీస్తాయి, అంచేత మన కూర కలిపిన అన్నం పెట్టకూడదు. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ విషంతో సమానం. పక్కటెముకలు చేతికి తగలాలి, కంటికి ఊరికే కనబడకూడదు. ఆ లెక్కన కొలతలు పెంచుకోండి, తగ్గించుకోండి.

తెచ్చిన రెండు మూడు రోజుల్లో పశువుల డాక్టరు గారికి చూపించండి. టీకా పుస్తకం లేకపోతే మొదటినుంచీ వేయించాలి: రేబిస్ ఒకటి, డిస్టెంపర్, పార్వో, లెప్టో (ఎలుక జ్వరం) కలిసిన టీకా మూడు నాలుగు వారాల తేడాతో రెండుసార్లు, ఆపైన డాక్టరు గారు చెప్పిన గడువులకి. లెప్టో ఉన్న రకమే అడగండి. ఎలుకలు తిరిగే చేలు, నిలవనీళ్ళు ఉన్న మన డెల్టాలో ఆ జబ్బు కుక్కకే కాదు, దాని మూత్రం ద్వారా ఇంట్లోవాళ్ళకీ వస్తుంది. రేబిస్ టీకాని ఏటా జులై 6న, జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకి సోకే జబ్బులు) దినం పేరుతో, పశువైద్యశాలల్లో ఉచితంగా వేస్తుంటారు, కానీ తేదీ కోసం ఆగాల్సిన టీకా కాదది. నట్టల మందు మూడు నెలలకోసారి. కుక్క పన్ను గానీ గోరు గానీ ఎవరికి గీసుకున్నా సబ్బుతో, ధారగా పడే నీళ్ళ కింద పావుగంట కడిగి, అదేరోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్ళండి. సున్నం, పసుపు, కారం పెట్టొద్దు.

వీధి నుంచి వచ్చిన కుక్కకి రక్తపరీక్ష తప్పనిసరి అంటాం, పిడుదుల జ్వరం కోసం. ఒంటి మీద కనబడే పిడుదులు కొన్నే. మిగతావి గోడ పగుళ్ళలో, పెంకుటింటి దూలాల్లో, పశువుల పాకలో గుడ్లు పెట్టుకుని ఉంటాయి. తిండి మానేసి, చిగుళ్ళు పాలిపోయి, ముక్కులోంచి రక్తం కారితే ఒక్కరోజు కూడా ఆగకండి. కుక్క ఒంటి వేడి మామూలుగానే 101 నుంచి 102.5 డిగ్రీలుంటుంది, 103 దాటితే జ్వరం. హుషారు కుక్క ఉన్నట్టుండి బుద్ధిమంతురాలైపోతే సంతోషించకుండా జ్వరం చూడండి. పిడుదులకి నమిలే మాత్రలున్నాయి, నెలకోటి, మూడు నెలలకోటి. కుక్కకి ఎప్పుడైనా మూర్ఛ వచ్చి ఉంటే, ఆ మాత్రలు ఇప్పించే ముందే డాక్టరు గారికి చెప్పాలి. గేదెలకి వాడే మందు అందాజుగా కలిపి పూయడం వల్ల చచ్చిన కుక్కలున్నాయి. మనుషుల నొప్పి మాత్రలు కూడా అంతే, ఒక్కటి కూడా వద్దు.

సార్వా (ఖరీఫ్) లోనూ దాళ్వా (రబీ) లోనూ చేలో ఎలుకల మందు పెట్టే రోజులు రైతుల్ని అడిగి తెలుసుకోండి. నూకల్లో కలిపిన జింక్ ఫాస్ఫైడ్ కడుపులోకి వెళ్ళగానే విషవాయువవుతుంది, దానికి విరుగుడు మందు లేదు. బ్రోమడయొలోన్ బిళ్ళలు తింటే మూడు నాలుగు రోజులు ఏమీ తెలియదు, తర్వాత లోపల రక్తస్రావం మొదలవుతుంది. దానికి విటమిన్ కె1 ఉంది, వారాల తరబడి వాడాలి. అందుకే తిన్నట్టు అనుమానమొస్తే పొట్లం కాగితం కూడా పట్టుకెళ్ళండి. గట్ల మీద తాడు వదలకపోవడమే మంచి వైద్యం. రక్తపింజరలకీ అదే జవాబు. పాము కరిస్తే కట్లు కట్టడం, కోయడం మాని, కుక్కని నడిపించకుండా ఎత్తుకెళ్ళాలి. మనుషులకిచ్చే విరుగుడు సూదే కుక్కకీ పనిచేస్తుంది. అది ఏ డాక్టరు దగ్గర ఉంటుందో ఇవాళే కనుక్కోండి, కరిచాక కాదు.

కాలువలతో ఒక చిక్కుంది. వేసవిలో నీళ్ళు ఆపేసిన కాలువలో పరిగెత్తడం అలవాటైన కుక్క, నీళ్ళొదిలిన రోజున కూడా అలాగే దూకుతుంది. ల్యాబ్ పోలికకి ఈత వచ్చినా సిమెంటు గోడలున్న చోట ఎక్కలేదు. మే నెల ఉక్కలో మన దగ్గర నీడలో ఉన్నా వడదెబ్బ తగులుతుంది, గాలిలో తేమకి రొప్పినా ఒళ్ళు చల్లబడదు. చిగుళ్ళు ఎర్రబారి, చొంగ చిక్కబడి, తూలుతుంటే ఒంటి నిండా మామూలు నీళ్ళు పోస్తూ ఫ్యాను కింద పెట్టి, ఆ తర్వాత బండెక్కించండి. తడి గుడ్డ కప్పి ఉంచితే వేడి లోపలే ఉండిపోతుంది. మీకు అవసరం పడకపోవచ్చు గానీ గోదావరి లంకల్లో ఉండే పాఠకులు గుర్తుపెట్టుకోండి: ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర వరద 10 లక్షల క్యూసెక్కులకి చేరితే మొదటి హెచ్చరిక, 13 లక్షలకి రెండోది. మొదటిదానికే కుక్కని బయటకి తేవాలి, కట్టేసి వదిలి రాకూడదు.

ఆపరేషన్ తెచ్చుకున్న నెలా రెండు నెలల్లో చేయించేయండి. ముందు రెండు చెవుల అంచులూ చూడండి. ఏదైనా కొద్దిగా కత్తిరించి ఉంటే వీధి కుక్కల కార్యక్రమంలో ఇదివరకే అయిపోయిందని అర్థం, కుర్రాళ్ళకి తెలియకపోవచ్చు. లేకపోతే కడుపుతో లేదని స్కాన్‌లో తేల్చుకోవాలి. ఎదకి వచ్చి ఉంటే అది ముగిశాక రెండు మూడు నెలలు ఆగి చేయిస్తారు. ఎద సుమారు ఆరేడు నెలలకోసారి వస్తుంది, ఆ మూడు వారాలు మగకుక్కలు దడి చుట్టూ కాపలా కాస్తాయి. ఎదలో లేనప్పుడు కూడా అక్కడ రక్తపు చుక్కలు కనిపిస్తే అది సంపర్కంతో అంటుకునే కణితి కావచ్చు, వీధి కుక్కల్లో కొత్తేమీ కాదు. వారానికో సూది చొప్పున నాలుగైదు వారాలు ఇస్తే చాలావరకు పూర్తిగా తగ్గిపోతుంది. ఆ కారణంగా కుక్కని వద్దనుకోకండి.

ఇక ఎప్పుడు తెచ్చుకోవాలంటే, దీపావళికీ సంక్రాంతికీ ముందు పదిహేను రోజుల్లో మాత్రం వద్దు. టపాసులకి బెదిరి, బంధువులు తీసి ఉంచిన గుమ్మంలోంచి పోయిన కొత్త కుక్క తిరిగి దొరకడం కష్టం. మీ ఇంట్లో ఇద్దరిలో ఒకరు వరసగా అయిదారు రోజులు ఇంటిపట్టున ఉండగలిగే వారం చూసుకుని, పొద్దుటి పూట వెళ్ళి తెచ్చుకోండి. కుర్రాళ్ళ దగ్గర నుంచి అది పడుకునే గోనె పట్టా కూడా అడిగి తెచ్చుకోండి, ఉతక్కుండా.